ఆటిట్యూడ్ క్లాసు విని వచ్చాను. మరి సోమవారం షిఫ్టులో ఏం చెయ్యాలి?

బి షిఫ్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఎచ్చెర్ల దగ్గర పల్లె. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేరాను. దసరాకి నన్ను షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. నిన్నటిదాకా నాతో కలిసి టీకి వెళ్ళినవాళ్ళే ఇప్పుడు నా కింద. అందులో ఒకడు మా మేనత్త కొడుకు, నాకు బావ. ఉద్యోగంలో నాకన్నా సీనియరు కూడా.

గొడవ ఇక్కడే వచ్చింది. రియాక్టర్, అంటే మందు తయారయ్యే పెద్ద పాత్ర, టెంపరేచర్ ప్రతి అరగంటకీ చూసి బీఎంఆర్‌లో, అంటే బ్యాచ్ రికార్డులో, అప్పటికప్పుడు రాయాలి. మావాళ్ళు చూస్తారు గానీ రాయరు. షిఫ్టు దిగే ముందు కూర్చుని వరసపెట్టి నింపేస్తారు. కింద సంతకం నాది. ఒకసారి గట్టిగా అడిగితే బావ అందరి ముందూ "సార్‌గారు వచ్చారు, లేవండ్రా" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ తర్వాత నుంచి నన్ను టీకి పిలవడం మానేశారు.

మొన్న ఇన్‌చార్జిలందరికీ విజయనగరంలో ఒక హోటల్లో క్లాసు పెట్టించారు. హైదరాబాద్ నుంచి వచ్చినాయన భోజనాల వేళ దాకా మాట్లాడాడు. ఆలోచన మారితే జీవితం మారుతుందట. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందట. చప్పట్లు కొట్టాం, తిన్నాం, బస్సెక్కాం.

నా డౌటు ఒక్కటే. నా ఆటిట్యూడ్ మారితే మా బావ ఎందుకు మారతాడు? రోజూ మనం చేసే చిన్న చిన్న పనులకీ, నలుగురు మన మాట వినడానికీ నిజంగా సంబంధం ఉందా, లేక ఇవన్నీ మైకు పట్టుకున్నవాళ్ళ కబుర్లా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. కొటేషన్లు మాత్రం పెట్టొద్దు, వాట్సాప్ నిండా అవే.

గంటస్తంభం

భోజనంలో ఏం పెట్టారో రాయలేదు. ముఖ్యమైన పాయింటు అదే కదా.

బి షిఫ్టు

వెజ్ బిర్యానీ, గులాబ్‌జాం. అది మాత్రం బాగుంది అన్నా.

లెక్కల మేస్టారు

బాబూ, 21 రోజుల మాట విని నవ్వొచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేశారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. నాకు అంతకన్నా నచ్చేది సవరల సంగతి. ఆ కొండల్లో ఉండే సవరల మాట ఊళ్ళోవాళ్ళకి అర్థమయ్యేది కాదు, నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా. ఈయన సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకి సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వాడి చెవుడు వచ్చింది. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువు 1938లో. లెక్క కట్టు. మొదటిది వచ్చేసరికి ఆయనకి 68 ఏళ్ళు. 1940లో పోయారు.

ఇంత పని చెయ్యమని ఆయన్ని ఎవరూ పోస్టింగ్ వేసి పంపలేదు. ముందు తెలుగు నేర్చుకుని రండి, అప్పుడు చూద్దాం అని సవరలతో ఆయన కూడా అనలేదు.

ఇక నీ సంగతి. మీ బావ రాయడం లేదు అన్నావు. ఎందుకు రాయడం లేదో అడిగావా? "ఎందుకు రాయలేదు" అని గద్దించడం వేరు, తెలుసుకుందామని అడగడం వేరు. నాకు రెండోదాని జవాబు కావాలి.

ప్రశ్నల పుట్ట

మేస్టారికి నా నమస్కారం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేశాను. ఆ 21 రోజుల కథ ఎక్కడిదో చెప్తాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులైనా పడుతోందని 1960లో రాశాడు. చేతులు మారేకొద్దీ "కనీసం" ఎగిరిపోయింది, ముఖం కూడా ఎగిరిపోయింది, 21 మాత్రం మిగిలింది.

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో నిజంగా లెక్క తీసింది. 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ అందరికీ ఒకేలా లేదు, 18 నుంచి 254 దాకా ఉంది. మంచినీళ్ళు తాగడం లాంటివి తొందరగా పట్టుబడ్డాయి, బస్కీల్లాంటివి బాగా ఆలస్యం. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. మా హాస్టల్లో జనవరి మొదటి వారంలో వాకింగ్ మానేసినవాళ్ళందరికీ నేను చెప్పే మాట ఈ చివరిదే.

చెన్నై బండి

మాది మందస మండలం. చెన్నైలో సెంట్రింగ్ పని. ఇక్కడ తెల్లారుజామున నాలుగింటికి లేచి, అన్నం వండుకుని, టిఫిన్ క్యారేజీ కట్టుకుని సైటుకి పోయేవాళ్ళలో సగం మంది మన వైపువాళ్ళే. టైముకి లేవడం ఉంది, తాగుడు లేనివాళ్ళున్నారు, ఒళ్ళు వంచడం ఉంది. ఆటిట్యూడ్‌కి ఏటి తక్కువండి? మరి సక్సెస్ ఏదండి? పని ఆగితే రూము అద్దె ఎలాగన్నదే టెన్షన్. ఇవన్నీ జీతం ఒకటో తారీకున పడేవాళ్ళ మాటలు.

బస్కీలు_ఆమదాలవలస

చెన్నై తమ్ముడూ, నీ మాట కాదనను. అయినా ఒకటి చెప్తాను. నేను కుర్రాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతాను. మా పక్కనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరిగారి ఊరు. 2000 సిడ్నీలో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి మొదటిసారి వచ్చింది. 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తల పైకి ఎత్తడంలో, 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన ఎత్తడంలో, 130 ఎత్తారు. మొత్తం 240, కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆమె పైన ఉన్న ఇద్దరిదీ 242.5. క్లీన్ అండ్ జెర్క్ ఆఖరి అటెంప్టుకి ఏకంగా 137.5 వేయించారు, అది లేవలేదు. 132.5 వేసి ఉంటే వాళ్ళతో సమానమయ్యేది కదా అని ఇప్పటికీ మా ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ కొట్టుకుంటారు. నేనూ కొట్టుకున్నాను, నేను 137.5 పార్టీ.

ఆ ఒక్క అటెంప్టు గురించి అందరూ మాట్లాడతారు. అక్కడిదాకా తీసుకెళ్ళిన పొద్దుల గురించి ఎవరూ మాట్లాడరు. 1994లో, 1995లో ఆవిడ అప్పటికే ప్రపంచ ఛాంపియన్. ఈ పల్లెటూళ్ళలో ఏసీ జిమ్ములు లేవు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడండి, ఒక ఊరు ఊరే బార్ పట్టుకుంటుంది. మత్స సంతోషి అక్కడి అమ్మాయే, 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చింది.

నా దగ్గరికి కొత్తగా వచ్చేవాడు "ఎంత ఎత్తాలి సార్" అని అడుగుతాడు. వాడు ఎంత ఎత్తాడో నేను చూడను. ఎత్తడం అయ్యాక ప్లేట్లు విప్పి స్టాండులో సైజు ప్రకారం పెట్టాడా, చెమట తుడిచాడా, వెనకవాడికి బార్ అప్పజెప్పాడా అని చూస్తాను. ప్లేట్లు నేల మీద వదిలేసి ఫోన్ తీసేవాడు రెండో వానాకాలం చూడడు. ఇంకో తమాషా ఏంటంటే, ప్లేట్లు సర్దేవాడికి తెలియకుండానే మిగతా కుర్రాళ్ళు వాడిని అడిగి పని చేస్తుంటారు. నేను లేనప్పుడు జిమ్ తాళం వాడి దగ్గరే ఉంటుంది.

చెన్నై బండి

అన్నా, మల్లీశ్వరిగారంటే నాకూ గౌరవమే. కానీ నెగ్గిన ఒక్కరిని చూపించి ఓడిన వెయ్యి మందిది ఆటిట్యూడ్ తప్పంటే ఎలాగ? కొండవెలగాడలో బార్ పట్టుకుని పతకం రానివాళ్ళంతా ప్లేట్లు సర్దలేదంటారా?

బస్కీలు_ఆమదాలవలస

అలా అనలేదు తమ్ముడూ. సర్దినవాళ్ళలోనూ చాలామంది కానిస్టేబుల్ సెలక్షన్ దగ్గరే ఆగిపోయారు. ఉన్న మాట.

ప్రశ్నల పుట్ట

చెన్నై అన్న చెప్పినదానికి గట్టి ఆధారం ఉంది. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు, కోత డబ్బు చేతికి వచ్చాక అవే రకం పరీక్షలు పెట్టారు. మనిషి అదే, బుర్ర అదే. డబ్బుకి కటకటగా ఉన్నప్పుడు మార్కులు తగ్గాయి, చేతిలో పడ్డాక పెరిగాయి. మన దగ్గర చెరకు వేసేవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. అప్పుల నెలలో మనిషి చిరాకు పడితే ఆటిట్యూడ్ బాలేదంటాం, డబ్బులొచ్చిన నెలలో అదే మనిషిని "ఎంత నెమ్మదైన మనిషో" అంటాం.

మరి "నేను నేర్చుకోగలను" అనుకుంటే నేర్చుకుంటారా? ఈ మాటకి పేరుపడిన కరోల్ డ్వెక్ అనే ప్రొఫెసర్ పేరు ఆ క్లాసులో వినే ఉంటారు. 2018లో దీని మీద వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే ప్రభావం చాలా స్వల్పమని తేలింది. తర్వాత 2019లో అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలకి గంటలోపు ఆన్‌లైన్ పాఠం చెప్పి చూశారు. వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటు, 4 పాయింట్ల కొలతలో, 0.1 పెరిగింది. చిన్నదే, కానీ దాదాపు ఉచితం. అందులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. కష్టమైన లెక్క తీసుకుంటే తోటి పిల్లలు వెక్కిరించని బళ్ళలోనే మార్కులు బాగా పెరిగాయి. వెక్కిరించే చోట ఆ పాఠం పెద్దగా పనిచెయ్యలేదు.

బి షిఫ్టు గారూ, "సార్‌గారు వచ్చారు, లేవండ్రా" అన్న మాట దగ్గర దీన్ని పెట్టి చూడండి.

కళింగ సీమ

ఈ సిద్ధాంతాలన్నీ దేనికి? మన రెండు జిల్లాల్లో లీడర్ అవ్వాలంటే ఫలానా ఇంట్లో పుట్టాలి. అంతే. ఆటిట్యూడ్ తర్వాత సంగతి.

లెక్కల మేస్టారు

బారువలో గీత కార్మికుల ఇంట 1909లో పుట్టిన గౌతు లచ్చన్నగారు ఏ కోటలో పుట్టారు నాయనా? ఇక విజయనగరం రాజవంశంలో పుట్టిన పీవీజీ రాజుగారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి తమ కోటనే కాలేజీలకి ఇచ్చేశారు. ఎక్కడ పుట్టారన్నది ఒక పేజీ, దాంతో ఏం చేశారన్నది మిగతా పుస్తకం.

కళింగ సీమ

వాళ్ళ కాలం వేరు మేస్టారూ. ఇప్పుడున్న ఎమ్మెల్యేల్లో ఒక్కరిని

నిర్వాహకుడు

ఇక్కడికి ఆపుదాం. ఇప్పుడున్న నాయకుల పేర్లు ఈ చర్చలో వద్దు. కింది రెండు వ్యాఖ్యలు తీసేశాను.

గంటస్తంభం

తీసేసిన వ్యాఖ్యల్లో ఒకటి నాది. నేను బిర్యానీ గురించే రాశాను, ఒట్టు.

ఉద్దానం కొబ్బరి

మాది సోంపేట వైపు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి లేచి చూస్తే ఊళ్ళో కొబ్బరిచెట్టు నిలబడింది లేదు. తాతల నాటి జీడితోటలు వేళ్ళతో సహా పడున్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు, ట్యాంకులో నీళ్ళు లేవు. పెద్దమనుషులందరం ఎవరి పెరట్లో వాళ్ళం నిలబడి ఏడుస్తున్నాం.

మా ఊళ్ళో మోటార్లు బాగుచేసే కుర్రాడు ఒకడున్నాడు. పదో తరగతి కూడా గట్టెక్కలేదు. వాళ్ళ ఇంటి మీద చెట్టు అడ్డంగా పడి ఉంది. వాడు దాన్ని ముట్టుకోలేదు. గొడ్డలి పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళి, అడ్డంగా పడ్డ మానులు కొట్టడం మొదలెట్టాడు. మీ ఇల్లు చూసుకోరా అని నేనే అన్నాను. "డయాలసిస్ వాళ్ళు సోంపేట వెళ్ళాల పెదనాన్నా, బండి పట్టేంత దారైనా కావాల" అన్నాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు కదా. ఆ మాట విన్నాక ఇంకో నలుగురు గొడ్డళ్ళు తెచ్చారు. ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత ఎక్కడినుంచో జనరేటర్ అద్దెకి తెచ్చి బోరుకి తగిలించాడు. నీళ్ళ దగ్గర కొట్లాట అవుతుందని పిల్లల నోటుబుక్కు ఒకటి తీసుకుని వీధుల పేర్లు వరసగా రాశాడు. వాళ్ళ వీధి అట్టడుగున రాసుకున్నాడు. మా వీధిలో ఒకాయన పైకి రాయించుకుందామని వచ్చి, ఆ పుస్తకం చూసి, నోరెత్తకుండా బిందె పట్టుకుని వెనక్కి పోయాడు. ఇది నా కళ్ళతో చూశాను. డీజిల్ డబ్బులు ఇంటికింత అని వసూలు చేసి, ఆఖర్న మిగిలిన చిల్లరతో సహా లెక్క గుడి గోడకి అంటించాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ పంచాయితీ అయినా వాడు రాకుండా మొదలవ్వదు. వార్డు మెంబరుగా నిలబడమంటే నిలబడడు. మోటార్ల పని పోతుందట.

చెన్నై బండి

ఇలాటి వాడైతే నేను ఒప్పుకుంటాను పెద్దాయనా. మా దగ్గర మేస్త్రీలు చాలామంది ఉన్నారు, ఒకాయన కిందే మనుషులు నిలుస్తారు. కారణం పెద్దదేం కాదు. శనివారం సాయంత్రం కాంట్రాక్టరు దగ్గర డబ్బు రాగానే ముందు మాకు పంచేసి, తర్వాత తన సరుకులకి పోతాడు. మిగతావాళ్ళు ముందు తమది చూసుకుంటారు. ఆయన గట్టిగా అరుస్తాడు కూడా, అయినా ఎవడూ వదిలిపోడు.

సమాఖ్య అప్ప

చీపురుపల్లి దగ్గర మాది. గ్రామ సమాఖ్యలో పనిచేస్తున్నాను. అందరూ పెద్ద పెద్దవాళ్ళ గురించి రాస్తున్నారు, మా డ్వాక్రా సంఘం గురించి కూడా వినండి. మాకు పంచసూత్రాలని ఉంటాయి. టైముకి మీటింగు, టైముకి పొదుపు, సంఘంలోనే అప్పులిచ్చుకోవడం, వాయిదా తప్పకుండా కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. బ్యాంకు మేనేజరు మా మొహాలు చూసి లోన్ ఇవ్వడు, ఈ పుస్తకాలు చూసే ఇస్తాడు.

మా మొదటి లీడరమ్మకి చదువు రాదు, వేలిముద్రే. మీటింగుకి ఆలస్యమైతే 10 రూపాయలు జరిమానా అని పెట్టుకున్నాం. మొదటి నెలలో ఎవరూ కట్టలేదు, "వంట అవ్వలేదమ్మా" అంటే సరిపోయేది. ఒకసారి బస్సు రాక ఆవిడే ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు. ఆవిడే కొంగుముడి విప్పి 10 రూపాయలు పుస్తకం మీద పెట్టి, "రాయే, నా పేరు మీద రాయి" అంది. అప్పట్నుంచి సంఘంలో జరిమానా కట్టనన్నవాళ్ళు లేరు. చదువు రాకపోయినా ప్రతి మీటింగులోనూ లెక్క పైకి చదివించుకుని వినేది. తప్పు చదివితే పట్టేసేది, అంకెలన్నీ నోటికి ఉండేవి.

తమ్ముడూ, నీ కింద ఉన్నవాళ్ళు నీ ఉపన్యాసం వినరు. నీ వంతు వచ్చినప్పుడు నువ్వేం చేశావో చూస్తారు. ఇంకో మాట. మా దగ్గర లీడర్లని మారుస్తుంటాం. ఒక్కరే ఏళ్ళ తరబడి ఉంటే పుస్తకం వాళ్ళింటి బీరువాలోకి వెళ్ళిపోతుంది.

బి షిఫ్టు

అందరివీ చదివాను. మేస్టారూ, మీరడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. రేపు షిఫ్టులో బావని పక్కకి పిలిచి అడుగుతాను.

పాత క్యూఏ

కొత్తవాణ్ణి ఈ వేదికకి. మందుల కంపెనీల్లో క్వాలిటీ ఎష్యూరెన్స్‌లో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరం కంటోన్మెంటులో ఉంటున్నాను. తమ్ముడూ, మీ బావని అడిగే ముందు నాకు ఒకటి చెప్పు. బీఎంఆర్ ఎక్కడ ఉంటుంది? రియాక్టర్ దగ్గరా, ఆఫీసులోనా?

బి షిఫ్టు

క్యాబిన్‌లో సార్. ఇన్‌చార్జి టేబుల్ మీద. కాగితం పోతే గొడవ అవుతుందని లోపలే పెడతాం.

పాత క్యూఏ

రియాక్టర్ దగ్గర్నుంచి క్యాబిన్‌కి రావాలంటే?

బి షిఫ్టు

గౌను, షూ కవర్లు విప్పాలి, చేతులు కడుక్కోవాలి, మెట్లు దిగాలి. వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ అన్నీ తొడుక్కోవాలి.

పాత క్యూఏ

ఇది అరగంటకోసారి, షిఫ్టు పొడుగునా. మీ బావ స్థానంలో ఎవరున్నా రాయరు. ఆయన రీడింగు ఎక్కడ గుర్తుపెట్టుకుంటున్నాడో చూడు. నా అంచనా, గ్లవ్ మీద రాసుకుంటాడు. నేను తిరిగిన ప్రతి చోటా చూశాను. ఎడమచేతి గ్లవ్ మీద బాల్‌పెన్నుతో వరసగా అంకెలు, షిఫ్టు దిగాక ఆ గ్లవ్ డస్ట్‌బిన్‌లో. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు ముందు డస్ట్‌బిన్ తిరగేసేది అందుకే.

అప్పటికప్పుడు రాయాలన్న రూలు ఆటిట్యూడ్ కోసం పెట్టింది కాదు. తర్వాత రాస్తే మనిషి చెయ్యి తనకి తెలియకుండానే అంకెల్ని చక్కబెడుతుంది. 61, 64, 66 అని ఉన్నవి 62, 62, 63 అయిపోతాయి. లిమిట్ దాటినది ఒక్కటీ కాగితం మీద కనపడదు. అందరూ హాయిగా ఉంటారు, మందు మింగేవాడు తప్ప.

కాగితం వాళ్ళ దగ్గరికి పంపించు. రియాక్టర్ పక్కన స్టాండు వేయించి, బీఎంఆర్‌ని అక్కడే ఉంచడానికి మీ క్యూఏ వాళ్ళకి రాసి అడుగు. నోటితో అడిగితే నవ్వుతారు.

ప్రశ్నల పుట్ట

పాత క్యూఏ గారు అన్నదానికి ఒక చిన్న జత. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ ఆసుపత్రుల్లో నర్సుల బృందాలని పరిశీలించింది. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తిరగబడింది, వాటిలోనే ఎక్కువ కనిపించాయి. తర్వాత తేలిందేమిటంటే వాళ్ళు ఎక్కువ చెప్పుకుంటున్నారు, మిగతావాళ్ళు దాస్తున్నారు. మీ షిఫ్టులో లిమిట్ దాటిన అంకె ఎవరైనా రాస్తే, మీరు ఆ క్షణంలో ఏ మొహం పెడతారన్నదే అసలు పరీక్ష.

లెక్కల మేస్టారు

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు సంగీతం నేర్చుకుందామని కుర్రతనంలో మన విజయనగరం వచ్చారు. పూట గడవక ఇంటింటా మధూకరం ఎత్తుకుని తిన్నారు. ఆ పట్టుదల గురించి ప్రతి సభలోనూ చెప్తారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా తీసుకోకుండా పాఠం చెప్పిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో ముగిస్తారు. మధూకరం ఎత్తిన కుర్రాడి గుణం ఎంత గొప్పదో, తలుపు తీసినాయన గుణం అంతే గొప్పది. షిఫ్టు ఇన్‌చార్జివి కాబట్టి ఇప్పుడు నువ్వు తలుపు లోపలివైపు ఉన్నావు.

సమాఖ్య అప్ప

మేస్టారు బాగా చెప్పారు. అన్నం పెట్టిన ఇల్లాళ్ళ మాట కూడా కలపండి.

లెక్కల మేస్టారు

కలిపాను తల్లీ.

బి షిఫ్టు

చాలా రోజులకి వస్తున్నాను, క్షమించండి. సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది.

బావని పక్కకి పిలిచి అడిగాను. నా మొహం చూసి, ఎడమ చెయ్యి చూపించాడు. గ్లవ్ మీద అంకెలు. పాత క్యూఏ సార్, మీరు జాతకం చెప్తారా? "క్యాబిన్‌కి దిగిన ప్రతిసారీ రియాక్టర్ ఎవడు చూస్తాడురా, నువ్వు చూస్తావా?" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఇదివరకటి ఇన్‌చార్జికి చెప్పాడట, "పని చెయ్యకపోవడానికి సాకులు" అన్నాడట.

స్టాండు కోసం క్యూఏకి మెయిల్ పెట్టాను. కాగితం మీద సాల్వెంట్ పడుతుందన్నారు, పెన్ను ఏది వాడాలన్నారు, రాత్రి ఎవరు బాధ్యత అన్నారు. అన్నిటికీ రాతలోనే జవాబిచ్చాను. చివరికి కవరున్న స్టాండు వచ్చింది. మొదటి వారం నా రౌండు టైములో రీడింగులు నేనే వెళ్ళి రాశాను, అప్ప చెప్పిన 10 రూపాయలు గుర్తుపెట్టుకుని. బావ ఏమీ అనలేదు. రెండో వారం నేను వెళ్ళేసరికి రాసి ఉంటున్నాయి.

అసలు సంగతి తర్వాత జరిగింది. నైట్ షిఫ్టులో రెండున్నరకి బావ ఫోన్ చేసి, "లిమిట్ కన్నా రెండు డిగ్రీలు ఎక్కువుంది, రాసేశాను, రా" అన్నాడు. గుండె ఆగినంత పనైంది. వెళ్ళి చూశాను, ఉంది. డీవియేషన్, అంటే లిమిట్ తప్పిందన్న రిపోర్టు, రాశాం. తెల్లారాక మెకానికల్ వాళ్ళు చూస్తే రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌కి వెళ్ళే స్టీమ్ వాల్వు మూసినా ఆవిరి లోపలికి పోతోంది. ఎన్నాళ్ళుగా అవుతోందో ఎవరికీ తెలీదు, పాత కాగితాల్లో అన్నీ చక్కగా 62, 63. ఉదయం మీటింగులో ఒక పెద్దాయన "ఆ అంకె రాయకుండా ముందు నాకు ఫోన్ చేస్తే పోయేది కదా" అన్నాడు. రాయమని చెప్పింది నేనే సార్ అన్నాను. బావ ఆ గదిలో లేడు. ఎవరో చేరవేశారు. ఆ రోజు టీకి పిలిచాడు, డబ్బులు మాత్రం నాతోనే ఇప్పించాడు.

బస్కీలు_ఆమదాలవలస

137.5 పార్టీలోకి స్వాగతం.

చెన్నై బండి

బాగుంది తమ్ముడూ. ఒకటి అడుగుతాను. ఆ పెద్దాయన రేపు నీ ప్రమోషన్ ఆపితే? అప్పుడు కూడా ఇదే రాస్తావా?

బి షిఫ్టు

తెలీదు అన్నా. ఇంటికి ఈఎంఐ ఉంది. ఆపినప్పుడు చూడాలి.

ఇప్పటికైతే ఇంకో చిక్కు వచ్చింది. బీఎంఆర్‌లో "చెక్ చేసినవారు" అని నా సంతకం ఉండాలి, అంటే ఆ టైములో నేను అక్కడ ఉండి చూడాలి. కొత్తగా ఉదయం పదింటికి రోజూ ప్రొడక్షన్ మీటింగు పెట్టారు. సరిగ్గా అప్పుడే చార్జింగ్ స్టెప్, అంటే రియాక్టర్‌లో సరుకు వేసే పని. మీటింగు నుంచి వచ్చాక సంతకం పెట్టేయమంటున్నారు, అందరూ అలాగే చేస్తారట. పాత క్యూఏ సార్, ఏం చెయ్యమంటారు?

పాత క్యూఏ

చూడనిదానికి సంతకం పెట్టకు. గ్లవ్ మీద రాసుకోవద్దని మీ బావకి చెప్పి, నువ్వు మీటింగు నుంచి వచ్చి పెన్ను తీస్తే రేపట్నుంచి స్టాండు దగ్గర ఎవరూ ఉండరు.

గొడవ పడకుండా రెండు దార్లున్నాయి. చార్జింగ్ మొదలయ్యే టైము పదిన్నరకి జరపగలవేమో బ్యాచ్ ప్లాన్‌లో చూడు, చాలాసార్లు కుదురుతుంది. కుదరకపోతే ఆ స్టెప్‌కి చెక్ చెయ్యడానికి ట్రైనింగ్ అయిన ఇంకో మనిషిని ఆథరైజ్ చెయ్యమని మెయిల్ పెట్టు. మీ బావకి అర్హత ఉంటే ఆయన పేరే రాయి. కాకపోతే ఆ బ్యాచ్‌లో రీడింగ్ రాసే మనిషి వేరే ఉండాలి, తను రాసినదాన్ని తనే చెక్ చెయ్యకూడదు.

బి షిఫ్టు

బావ పేరు రాయొచ్చన్నది నాకు తట్టలేదు సార్. ట్రైనింగ్ ఫైల్ చూసి ఈ రాత్రే మెయిల్ పెడతాను. కాపీ ఎవరెవరికి పెట్టాలి?

పాత క్యూఏ

మీ మేనేజరుకి, క్యూఏకి. ఆ ఉదయం మీటింగు పెద్దాయనకి కూడా పెట్టు.